సరళరేఖలకు ప్రాంప్టింగ్

ఆ పిల్ల మొదటి రోజు నాకు సరళరేఖల పాఠం మొత్తం అప్పజెప్పింది. వాలు అంటే ఏమిటి, అంతరఖండం అంటే ఏమిటి, y = mx + c ఎక్కడి నుంచి వచ్చింది, అన్నీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా తడబడకుండా చెప్పింది. పైగా ఆ చెప్పడంలో అభినయం కూడా ఉంది. 'కావున' అన్నచోట కనుబొమలెత్తింది. 'నిరూపించబడినది' అన్నచోట గొంతు తగ్గించి, నా కళ్లలోకి చూసి ఆగింది. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన నాకు ఒక సమీకరణం విని గుండె బరువెక్కడం అదే మొదలు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇప్పుడు గీ కాయితం మీద ఒక గీత గీసి, దాని వాలు ఎంతనో చెప్పు" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేనూ తిరిగి చూశాను. తలుపు దగ్గర స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదుపుతున్నాడు.

ఆయన ప్రాంప్టర్. సినిమాలు తీసేచోట ఇదొక పద్ధతి. డైలాగు నోటికి రాని నటులకు కెమెరా పక్కన ఒకరు నిలబడి ఒక్కో ముక్కా అందిస్తారు, వాళ్లు విని వెంటనే పలుకుతారు. తర్వాత డబ్బింగ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ అందించే గొంతు మనకు వినపడదు. ఈ పిల్ల అక్షరాలు రాని వయసులోనే బాలనటి అయింది. అప్పటి నుంచీ కెమెరా కింద గొంతుక్కూర్చుని ఆమెకు మాటలు అందించింది ఈయనే. ఆమె ఆయన్ను బాబాయ్ అంటుంది. సినిమాలు తగ్గాక కూడా వాళ్లింట్లోనే ఉండిపోయాడు. ఆమె ప్రైవేటుగా పదో తరగతికి కట్టాక, అలవాటు కొద్దీ ఆయన పాఠం చదవడం, ఆమె విని పలకడం మొదలైంది. ఇంట్లో అందరూ దాన్నే చదువు అనుకున్నారు.

"మీరు జర బయట కూసుంటరా అన్నా?" అని అడిగాను.

"నేను కనపడకపోతే దానికి బెంగండీ" అన్నాడాయన, కానీ లేచి వెళ్లాడు. మంచి మనిషి. మంచివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం నాకు బాగా కష్టం, అయినా తెచ్చుకున్నాను.

అప్పటికి నేను బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో ఉద్యోగం మానేసి, ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు చెబుతున్నాను. టోలిచౌకిలో మా ఇంటి నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటోలో గుట్టెక్కితే చాలు. అది ఊరంతా కంప్యూటర్ జ్వరం పట్టిన కాలం. ఏ గోడ చూసినా కోర్సుల బోర్డులే, ఏ తల్లిని కదిపినా కొడుకు సాఫ్ట్‌వేర్ సంగతే. నాకు ఆ హడావుడి అంటే ఒళ్లు మంట. కానీ ట్యూషన్లు పెరిగింది కూడా దానివల్లే కాబట్టి నోరు మూసుకుని తిరిగాను.

ఆ పిల్లకు పదిహేడో ఏడు నడుస్తోంది. షూటింగుల వల్ల బడి ఎప్పుడో అటకెక్కింది. చిన్నపిల్ల వేషాలకు పెద్దదైపోయింది. తండ్రి కోస్తా వైపు మనిషి, కూతురికి మొదటి అవకాశం రాగానే అక్కడి దుకాణం ఎత్తేసి హైదరాబాదు వచ్చినవాడు. అప్పటి నుంచి ఆమె షూటింగు డేట్లు చూడటమే ఆయన పని. తల్లి, అమ్మమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, బాబాయ్, అందరి అన్నమూ ఆ పిల్ల మొహం మీదే నడిచింది.

తండ్రి నాతో మొదటి రోజే ఒప్పందం చెప్పాడు. "పాసైందంటే కాలేజీలో వేస్తానండీ. నేను మాటిచ్చాను, తప్పను. ఒకవేళ తప్పిందనుకోండి, ఒక సినిమా మాట్లాడి ఉంచాం, హీరోయిన్ వేషం. అది చేస్తుంది. రెంటికీ రెడీగా ఉన్నామండీ."

ఆ సినిమా సంగతి పిల్ల తర్వాత చెప్పింది. "నేను ఎనిమిదేళ్లప్పుడు ఆ హీరోకి కూతురుగా వేశాను మేడమ్. భుజం మీద ఎక్కించుకుని గుడి మెట్లెక్కారు." అంతే చెప్పింది.

"మరి నీకేం కావాలె?" అని అడిగాను.

"జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర పొద్దున్నే సాఫ్ట్‌వేర్ వాళ్లు కంపెనీ బస్సుల కోసం నిలబడతారు చూడండి మేడమ్, మెడలో కార్డులు వేసుకుని. నేను కార్లోంచి వాళ్లనే చూస్తుంటాను. వాళ్లలో నిలబడాలని ఉంది. ఎవ్వరూ నా వంక చూడకూడదు."

నాకు ఆ కార్డుల మీద ఏమాత్రం గౌరవం లేదు. ఆ రోజు నుంచి మాత్రం ఈ పిల్ల మెడలో ఒకటి పడాలని పట్టుబట్టాను.

మిగతా అధ్యాయాలు ఎలాగో నెట్టుకొస్తుందని తెలుసు. సరళరేఖలే గండం. మార్కులు అక్కడే ఎక్కువ, బట్టీ అక్కడే పనికిరాదు. ఒక బిందువులో ప్లస్ గుర్తు మైనస్ అయితే గీత మొత్తం అటు తిరుగుతుంది. కాబట్టి ఏ పుస్తకంతో చెప్పాలి, కంప్యూటర్లో ఏది చూపించాలి అన్నది తేల్చుకోవడానికే చాలా రోజులు పట్టింది.

ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో తప్పుల్లేవు, కానీ అది సూత్రంతో మొదలై సూత్రంతో ముగుస్తుంది. సూత్రం కనపడగానే ఈ పిల్లకు బట్టీ పూనకం వస్తుంది. దాన్ని చివరికి వాయిదా వేశాను. గైడ్లను గుమ్మం తొక్కనివ్వలేదు. నా కాలేజీ రోజుల నాటి రేఖాగణితం పుస్తకం ఒకటి ఉంది, పల్చటిది, లెక్కలు తక్కువ. అందులో నాకు నచ్చిందేమిటంటే ప్రతి లెక్కకూ ముందు 'పటం గీయుము' అని ఉంటుంది. గీశాకే మాట. ఆ పుస్తకం ఖాయం చేశాను.

తర్వాత ఇంటర్నెట్. తండ్రి ఈమెయిళ్ల కోసం కంప్యూటర్ కొన్నాడు గానీ, నెట్ వచ్చేది ఫోన్ తీగ మీదే, అది పెడితే ఫోన్ పనిచేయదు. ఫోన్ పనిచేయకపోతే ఏ నిర్మాత ఫోన్ చేస్తాడో, ఏ అవకాశం పోతుందో అని ఆయన ప్రాణం కొట్టుకుంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సినిమావాళ్లు కునుకు తీసే వేళ, కాసేపు వాడుకోవడానికి ఒప్పుకున్నాడు.

ముందు దొరికినవన్నీ అమెరికా బడుల పేజీలు. ఒకదాంట్లో లెక్క: ఇంటి ముందు మంచు ఊడ్చే కుర్రాడు రాగానే ఇంత తీసుకుంటాడు, ఆపైన గంటకు ఇంత. నేను తెలుగులో చెబుతుంటే పిల్ల పకపకా నవ్వింది.

"మంచు పోవడానికి డబ్బులిస్తారా మేడమ్? మేం మంచు పడటానికి ఇచ్చాం. మిషన్ అద్దెకు తెచ్చి సబ్బు నురగ ఊదారు. కళ్లు మండి నిజంగానే ఏడ్చాను, షాట్ ఓకే అయింది."

మంచు లెక్కలు పక్కన పెట్టాను. తెలియని బొమ్మను ఊహించుకోవడంలోనే ఆమె బుర్ర అలిసిపోతే గీత దాకా ఎప్పుడొస్తుంది?

ఇంకో పేజీ చూడముచ్చటగా ఉంది. లెక్క ఇస్తుంది, జవాబు సరైతే ఆకుపచ్చ నక్షత్రం వెలుగుతుంది. కింద 'హింట్' అని ఒక మీట. మొదటి రోజు ఆమెకు వరసగా నక్షత్రాలే. నేను సంతోషపడబోయి, పక్కన కూర్చుని చూశాను. లెక్క చదవడం లేదు. హింట్ నొక్కుతోంది, మళ్లీ నొక్కుతోంది, మూడోసారికి అది జవాబే చెప్పేస్తోంది, ఈమె దాన్నే కొడుతోంది. బాబాయ్‌ను బయటికి పంపిస్తే కంప్యూటర్లో ఇంకో బాబాయ్ దొరికాడు! ఆ పేజీకి ఆ రోజే దణ్ణం పెట్టేశాను.

చివరికి దొరికింది ఒకటి. ఎవరో ప్రొఫెసర్ తన విద్యార్థుల కోసం చేసుకున్నట్టుంది, అందం చందం లేదు. తెల్లటి గళ్ల కాగితం, రెండు చుక్కలు. చుక్కను మౌస్‌తో లాగితే గీత ఒరుగుతుంది, కింద సమీకరణంలో అంకెలు మారతాయి. నక్షత్రాలు లేవు, చప్పట్లు లేవు, హింట్ అసలే లేదు. మనం ఏమీ చేయకపోతే అది కూడా ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే నాకు కావలసింది.

దాని పక్కనే వాళ్లింటి నీళ్ల సంపును లెక్కగా పెట్టాను. ట్యాంకర్ వచ్చేసరికే సంపులో కొన్ని నీళ్లుంటాయి, అది c. ట్యాంకర్ నిమిషానికి పోసేది m. ట్యాంకర్ రాని రోజు మేడమీద ట్యాంకు ఖాళీ అవుతుంటే గీత కిందికి దిగుతుంది, m మైనస్. ఫిల్మ్‌నగర్‌లో ట్యాంకర్ తెలియని పిల్ల ఉండదు.

"అంటే మైనస్ అంటే స్నానానికి తొందరపడమని" అంది.

"గంతే" అన్నాను.

నెమ్మదిగా వచ్చింది. ముందు గీత గీసేది, ఎటు ఒరిగిందో చూసేది, అప్పుడు అంకెలు. ఒకరోజు జవాబు రాసి అలవాటుగా నా మొహం చూసింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"ఓకేనా మేడమ్?"

"నన్నెందుకు అడుగుతున్నవ్? నీ గీత ఏ చుక్కల మీదికెళ్లి పోవాల్నో నీకు ఎరుకే. ఆ అంకెలు నీ సమీకరణంలో పెట్టి చూడు. రెండు దిక్కులా సమానమైతే కరెక్టు."

పెట్టి చూసింది. సమానమయ్యాయి. "అయితే ఎవరూ ఓకే అనక్కర్లేదన్నమాట" అంది. నాకు అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగంలో అంతకంటే మంచి మధ్యాహ్నం లేదు.

పరీక్షలు దగ్గరపడ్డాక తండ్రి ఫోన్ చేశాడు. "మీరు బాగా చెప్పారు మేడమ్ గారూ, చాలా థాంక్సండీ. ఈ చివరి నాలుగు రోజులూ మీరు శ్రమపడొద్దు. ఇంట్లోనే చూసుకుంటాం" అన్నాడు. నాకు నచ్చలేదు. ఆటో ఎక్కి వెళ్లాను.

గేటు తీస్తుండగానే వినపడింది. ముందు బాబాయ్ గొంతు, గుసగుసగా, చిన్న చిన్న ముక్కలుగా. ఆ వెనకే పిల్ల గొంతు, నిండుగా, స్పష్టంగా. "దత్త బిందువులు." "దత్త బిందువులు." "రెండు కామా మూడు." "రెండు కామా మూడు." నేను గుమ్మం తొక్కనివ్వని గైడ్, లావుపాటిది, సగం దాకా తిరగేసి ఉంది.

తండ్రి వరండాలోకి ఎదురొచ్చాడు. మొహంలో పండగ. "గైడ్లో లెక్కలన్నీ ఎక్కించేస్తున్నామండీ. పేపర్లో వచ్చేవి ఇందులోవేనట."

"సార్, గిట్ల చేస్తే వచ్చింది గూడ పోతది. ఆమె సొంతంగ చేస్తున్నది. జర నమ్మండి సార్, మీకు దండం పెడత. అంకె మారితే ఏం జేస్తది?"

"మీరు పాఠం చెప్పారు మేడమ్. మేం రిహార్సల్ చేయిస్తున్నాం. దాని సంగతి నాకు తెలియదా? పొద్దున్న ఆరు పేజీల సీనిస్తే మధ్యాహ్నానికి సింగిల్ టేకులో చెప్పిన పిల్లండీ అది! పెద్ద పెద్ద నటులు లేచి చప్పట్లు కొట్టారు. అలాంటి పిల్లకి ఒక గైడు లెక్కా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇంట్లో ఏ గండమైనా అలాగే గట్టెక్కింది. చెవిలో ఒకరు చెప్పడం, ఈమె పలకడం, ఇల్లు గడవడం. ఆ ఒక్క పద్ధతి మీద ఆయనకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. కూతురు ఓడిపోవాలని చేయలేదు, గెలవాలనే చేశాడు. నేను అరిచాను, బతిమాలాను. ఆయన నాకు కాఫీ తెప్పించాడు. లోపల ఆ రెండు గొంతులూ ఒకదాని వెనక ఒకటి నడుస్తూనే ఉన్నాయి. కాఫీ తాగకుండానే వచ్చేశాను.

శ్రీనగర్ కాలనీలో ఒక బడి ఆమె పరీక్షా కేంద్రం. లెక్కల పరీక్ష రోజు బయట చెట్టు కింద నిలబడ్డాను. గంట కొట్టాక పిల్లలందరూ వచ్చేశారు, ఈమె రాలేదు. లోపల ఎవరో టీచరు ఆపి, చిన్నప్పటి ఏడుపు సీనులో డైలాగు చెప్పమని అడిగిందట. చెప్పి వచ్చింది. కార్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నపత్రం చేతికిచ్చింది.

సరళరేఖల లెక్క వచ్చింది. రెండు కామా మూడు, నాలుగు కామా మైనస్ ఏడు బిందువుల గుండా పోయే రేఖ సమీకరణం. గైడ్లో ఉన్నది నాలుగు కామా ఏడు.

"ఏం రాసినవ్?"

"y = 2x - 1."

అది గైడ్లో లెక్కకు జవాబు. ఆ సంగతి ఆమెకే తెలుసు.

"గీత గీయడం మొదలుపెట్టాను మేడమ్. కిందికి దిగుతోందని కూడా తెలిసింది. ఇంతలో 'దత్త బిందువులు' అని చదివానో లేదో, బాబాయ్ గొంతు వచ్చేసింది. ఇంక చెయ్యి దాని వెనకే పోయింది."

"అంకెలు పెట్టి చూడలేకపోయినవా బిడ్డా?"

"చూడాలని తెలుసు. కానీ ఆగితే ఆయన చెప్పే తర్వాతి ముక్క పోతుంది మేడమ్. షాట్ మధ్యలో ఆగకూడదు."

మిగతా లెక్కలు కూడా అంతే. ఒకచోట పేపర్లో అడగని ప్రశ్నకు కూడా అందంగా, గీతలు కొట్టి, జవాబు రాసి వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డ్రైవర్ అద్దంలోంచి చూస్తున్నాడని ఆమె కళ్లు తుడుచుకుని మామూలుగా నవ్వింది. ఆ నవ్వు కూడా నేర్చుకున్నదే.

ఫలితాలొచ్చాయి. మిగతావన్నీ పాసై లెక్కలు తప్పింది. మర్నాడే వెళ్లాను. సప్లిమెంటరీ ఉంటుంది, ఒక్క పేపరు, ఈసారి నేను గడప దగ్గరే పడుకుంటాను, ఎవరినీ రానివ్వను అని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను.

హాలంతా సందడి. ఫోటోలు తీసేవాడు లైట్లు బిగిస్తున్నాడు. కాస్ట్యూమ్స్ వాళ్లు సోఫా నిండా బట్టలు పరిచారు. పిల్ల మొహానికి సగం మేకప్ వేసి ఉంది. బాబాయ్ ఒక మూల తల వంచుకుని కూర్చున్నాడు, నన్ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

"సప్లిమెంటరీ టైముకి షూటింగు మీద ఊటీలో ఉంటామండీ. డేట్లు ఇచ్చేశాం" అన్నాడు తండ్రి. "అయినా మేడమ్, మీరేమీ అనుకోకండి. దానికి లెక్కలు వచ్చే యోగం లేదండీ. అందరికీ ఉండదుగా. ఎందుకు పిల్లను హింసపెట్టడం?"

నా కోపం నాకు తెలుసు, అది వచ్చినప్పుడు నేను మర్యాదలు చూడను. "వస్తదా రాదా, మీ ముంగటనే చూద్దాం సార్. నన్ను కాదు, ఆమెను నమ్మండి" అని, అక్కడున్న కాగితం తిప్పి రెండు బిందువులు రాశాను. ఒకటి కామా ఆరు, మూడు కామా రెండు. పిల్ల చేతికిచ్చాను. "నీ ఇష్టం బిడ్డా. వద్దంటే వద్దు" అన్నాను.

ఆమె కాగితం తీసుకుంది. మేకప్ మనిషిని చేత్తో పక్కకు జరగమని, బల్ల ముందు కూర్చుంది. ముందు అక్షాలు గీసింది. చుక్కలు పెట్టింది. గీత కలిపింది. కాసేపు చూసింది. "దిగుతోంది, కాబట్టి మైనస్" అని తనలో తను అనుకుంది. వాలు మైనస్ రెండు. సమీకరణం y = -2x + 8. అక్కడితో ఆగలేదు. ఒకటి పెట్టి చూసింది, ఆరు వచ్చింది. మూడు పెట్టి చూసింది, రెండు వచ్చింది. నా వైపు చూడలేదు, తండ్రి వైపు చూడలేదు. కాగితం కింద చిన్న గీత గీసి పెన్ను పెట్టేసింది.

హాల్లో లైట్ల వాడు కూడా పని ఆపి చూస్తున్నాడు. తండ్రి కాగితం తీసుకుని, పైకీ కిందికీ చూసి, నన్ను అడిగాడు, "కరెక్టేనా మేడమ్?"

"హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. ఎవ్వరు చెప్పలే. తన బుర్రతోనే చేసింది" అన్నాను. గెలిచామనే అనుకున్నాను.

ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. కూతురి తల నిమిరాడు. "చూశారా! వచ్చేసింది. నా తల్లికి రానిదేముందండీ? మీ రుణం తీర్చుకోలేం మేడమ్ గారూ" అన్నాడు. ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు. "ఎలాగూ వచ్చేసిందిగా. ఇంక పరీక్ష ఎందుకండీ?"

పిల్ల వైపు చూశాను. ఆమె అప్పటికే కుర్చీలో వెనక్కి వాలి, మేకప్ మనిషి కోసం మొహం పైకెత్తి కళ్లు మూసుకుంది.